తేటనీరు సాక్ష్యం కాదు

ఉప్పునీటి అక్వేరియంలో చేపలు వరసగా చనిపోతున్నాయని నీటి నమూనా తెచ్చేవాళ్లు దాదాపు అందరూ ఒకే మాట అంటారు: "నీళ్లు మాత్రం చాలా శుభ్రంగా ఉన్నాయండీ." సీసాను వెలుతురుకు ఎత్తి చూస్తే వాళ్లన్నది నిజమే. రంగు లేదు, నలుసు లేదు, వాసన లేదు. పరీక్ష చేస్తే అదే నీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము దాటి అమ్మోనియా బయటపడుతుంది. సముద్రపు చేప ప్రాణం మీదికి రావడానికి అంత చాలు. మన కంటికి ఆ నీరు శుభ్రం, చేప మొప్పకు విషం. ఈ రెండింటి మధ్య ఇంత తేడా రావడానికి చాలాసార్లు కారణం ఫిల్టరులో పోసిన నల్లటి బొగ్గే.

బొగ్గు చెడ్డదని నేను అనడం లేదు. దాని పని అది నిజాయితీగా చేస్తుంది. దానికి లేని శక్తిని మనం దానికి అంటగట్టడమే నన్ను భయపెడుతోంది.

హైదరాబాదు, విజయవాడ, విశాఖల్లో ఆసుపత్రుల్లో, హోటళ్లలో, ఇళ్లలో సముద్రపు చేపల ట్యాంకులు ఇప్పుడు వింత కాదు. ట్యాంకుతోపాటు దుకాణంవాళ్లు ఇచ్చే సంచిలో యాక్టివేటెడ్ కార్బన్ పొట్లం, ఫాస్ఫేటును తీసే గోధుమరంగు గుళికలు, అమ్మోనియాను లాగేస్తాయని చెప్పే జియోలైట్ రాళ్లు ఉంటాయి. వీటన్నిటితో చేసేదాన్ని రసాయన వడపోత అంటాం. వీటితోపాటు వచ్చే సలహా ఒక్కటే: "ఇవి వేస్తే నీళ్లు బాగుంటాయి." ఏది దేన్ని పడుతుంది, ఎంత పడుతుంది, ఎప్పటిదాకా పడుతుంది అని అడిగేవారూ తక్కువ, చెప్పేవారూ తక్కువ. ఈ మూడు ప్రశ్నలకూ రసాయన శాస్త్రం దగ్గర స్పష్టమైన జవాబులున్నాయి. వాటిని పక్కన పెట్టినందుకు చేపలు చనిపోతున్నాయి. ఖాళీ అయిన ట్యాంకు నింపడానికి సముద్రంలోంచి మళ్లీ చేపలు పడుతున్నారు. కోస్తా రొయ్యల రైతుల డబ్బు కూడా ఇదే నమ్మకం మీద చెరువులో కలుస్తోంది.

బొగ్గు పట్టేది

మిగిలిన మేత, చేపల విసర్జన, చనిపోయిన నాచు కుళ్లేకొద్దీ నీటిలో సేంద్రియ పదార్థాలు కరుగుతాయి. వాటిలో బ్యాక్టీరియాకు ఓ పట్టాన లొంగని పెద్ద అణువులు నీటికి లేత పసుపు రంగునిస్తాయి. యాక్టివేటెడ్ కార్బన్ ముఖ్యంగా పట్టేది ఈ సేంద్రియ అణువులను. కొబ్బరిచిప్పను గానీ, రాతిబొగ్గును గానీ, లిగ్నైటును గానీ గాలి అందకుండా కాల్చి, 800 నుంచి 1,000 డిగ్రీల వేడిలో ఆవిరి పట్టిస్తే లోపల అంతులేని సూక్ష్మరంధ్రాలు పుడతాయి. ఒక్క గ్రాము మంచి బొగ్గులోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే 1,000 చదరపు మీటర్లు, అంటే దాదాపు 25 సెంట్ల నేల అవుతుంది. సేంద్రియ అణువులు వెళ్లి ఆ గోడలకు అంటుకుంటాయి.

ఆ రంధ్రాలు ఎంత వెడల్పున్నాయన్నది ముఖ్యం. కొబ్బరిచిప్ప బొగ్గులో ఎక్కువ భాగం 2 నానోమీటర్ల లోపు రంధ్రాలే. క్లోరిన్‌కూ చిన్న అణువులకూ అది మేలైన బొగ్గు. తాగునీటి ఫిల్టర్లలో దాన్ని వాడేది అందుకే. నీటిని పసుపు చేసే పెద్ద అణువులు లోపలికి వెళ్లాలంటే ఇంకాస్త వెడల్పు రంధ్రాలు కావాలి. అవి లిగ్నైటు బొగ్గులో ఎక్కువ. పొట్లం మీద "అయోడిన్ నంబరు" పెద్దగా వేసి, అది ఎక్కువైతే సరుకు మంచిదన్నట్టు అమ్ముతారు. ఆ నంబరు చెప్పేది చిన్న రంధ్రాల సంగతి మాత్రమే. అక్వేరియంలో మనకు కావలసిన పనికి అది పూర్తి కొలమానం కాదు.

అమెరికాలోని పెన్సిల్వేనియా స్టేట్ యూనివర్సిటీ రసాయన శాస్త్ర ఆచార్యుడు కెన్ ఫెల్డ్‌మన్, ఆయన సహచరులు 2008 తర్వాత ఉప్పునీటి ట్యాంకుల్లో కరిగిన సేంద్రియ కార్బన్‌ను ఓపిగ్గా కొలిచారు. నురగ పుట్టించి మలినాలను లాగే ప్రొటీన్ స్కిమ్మర్లు, ధర ఎంతైనా, మొత్తం సేంద్రియ కార్బన్‌లో 20 నుంచి 30 శాతం చుట్టూ మాత్రమే తీశాయి. మిగతాది నీటిలోనే ఉండిపోయింది. స్కిమ్మరు వదిలేసిన దానిలో కొంత బొగ్గు పడుతుంది. జబ్బు చేసిన చేపలకు మందు వేశాక మిగిలిన చాలా సేంద్రియ మందులను తీస్తుంది. ఓజోన్ వాడే పెద్ద అక్వేరియాల్లో అయితే బొగ్గు తప్పనిసరి. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 65 మిల్లీగ్రాముల బ్రోమైడ్ ఉంటుంది. ఓజోన్ దాంతో కలిసి మొప్పలను కాల్చే బ్రోమిన్ సమ్మేళనాలను తయారుచేస్తుంది. ఆ నీరు ట్యాంకుకు చేరేముందు బొగ్గు మీదుగా వెళ్లాలి. ఈ మేళ్లన్నీ నిజమైనవే. వాటికి హద్దు ఎక్కడుందో తెలియకపోతేనే ముప్పు.

బొగ్గు పట్టనిది

అమ్మోనియా, నైట్రైటు, నైట్రేటు. ఈ మూడింటినీ బొగ్గు పట్టదు. అక్వేరియంలో చేపల ప్రాణం ఆధారపడేది వీటి మీదే.

చేప తిన్న ప్రొటీన్‌లోని నైట్రోజన్‌లో చాలా భాగం మొప్పల గుండా అమ్మోనియాగా నీటిలోకి వస్తుంది. లెక్క కష్టం కాదు. 45 శాతం ప్రొటీన్ ఉన్న పొడి మేత ఒక గ్రాములో దాదాపు 72 మిల్లీగ్రాముల నైట్రోజన్ ఉంటుంది. 200 లీటర్ల ట్యాంకులో రోజుకు 2 గ్రాముల మేత వేసి, అందులోని నైట్రోజన్‌లో సగమే అమ్మోనియాగా వచ్చిందనుకున్నా, రోజుకు లీటరుకు 0.36 మిల్లీగ్రాములు చేరుతుంది. దాన్ని మార్చే బ్యాక్టీరియా లేకపోతే మూడో రోజుకే లీటరుకు 1 మిల్లీగ్రాము దాటుతుంది. ఇసుకలో, రాళ్లలో, ఫిల్టరులో కాపురం పెట్టే ఆ బ్యాక్టీరియా కొత్త ట్యాంకులో నిలదొక్కుకోవడానికి సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. ట్యాంకు పెట్టిన మొదటి వారంలోనే చేపలు వేసి, ధైర్యానికి రెండు పొట్లాల బొగ్గు వేస్తే ఆ చేపలకు ఏ రక్షణా లేదు.

సముద్రపు నీటిలో ఈ ప్రమాదం ఇంకా పెద్దది. నీటిలో అమ్మోనియా రెండు రూపాల్లో ఉంటుంది. విద్యుదావేశం లేని రూపం మొప్ప దాటి రక్తంలోకి సులువుగా వెళ్తుంది. చంపేది ప్రధానంగా అదే. 28 డిగ్రీల వేడిలో, పీహెచ్ 7 ఉన్న మంచినీటి తొట్టిలో మొత్తం అమ్మోనియాలో ఆ రూపం 1 శాతం లోపే. అదే వేడిలో పీహెచ్ 8.2 ఉన్న సముద్రపు నీటిలో పదో వంతుకు దగ్గరగా ఉంటుంది. టెస్ట్ కిట్ రెండు చోట్లా ఒకే అంకె చూపినా, సముద్రపు చేపకు తగిలే విషం పది రెట్లకు పైనే. మంచినీటి చేపలను ఏళ్ల తరబడి పెంచిన అనుభవంతో ఉప్పునీటి ట్యాంకు పెట్టినవారు ఎక్కువగా దెబ్బతినేది ఇక్కడే.

బొగ్గు వేయని ట్యాంకులో మేత ఎక్కువైనా, నీళ్లు మార్చడం ఆలస్యమైనా కొన్ని వారాలకు నీరు పసుపు తిరుగుతుంది, వాసన వస్తుంది. చూసినవారు కంగారుపడి నీళ్లు మారుస్తారు. ఆ పసుపు హాని చేయకపోవచ్చు, కానీ దాంతోపాటు పెరుగుతున్న నైట్రేటు గురించి అది హెచ్చరించేది. బొగ్గు హెచ్చరికను తీసేసి, హాని చేసేదాన్ని ఉన్నచోటే వదిలేస్తుంది. అందుకే బొగ్గు వాడే ట్యాంకుకు పరీక్షల అవసరం, వాడని ట్యాంకు కంటే ఎక్కువ. ఆచరణలో సరిగ్గా దీనికి తలకిందులుగా జరుగుతోంది.

అమ్మోనియాను "బంధిస్తాయి" అని సీసాల్లో అమ్మే ద్రవాలూ ఉన్నాయి. వీటిలో కొన్ని అమ్మోనియాతో కలిసి తక్కువ విషం ఉన్న పదార్థాన్ని తయారుచేస్తాయి. అత్యవసరంలో కొన్ని గంటల ఊరటనిస్తాయి. కానీ ఈ రకం ద్రవం వేశాక నెస్లర్ రసాయనంతో చేసే పాత పద్ధతి కిట్లు తప్పు అంకెలు చూపిస్తాయి. సాలిసిలేట్ పద్ధతి కిట్ వాడాలి. సీసా అమ్మే దుకాణంలో ఈ మాట కూడా చెప్పి అమ్మాలి.

జియోలైట్: ఉప్పునీటిలో ఓడిపోయే రాయి

జియోలైట్ రాళ్లది మరో కథ. క్లినాప్టిలోలైట్ అనే రకం మంచినీటిలో అమ్మోనియాను నిజంగానే పడుతుంది. రాయిలోని సోడియాన్ని వదిలి, నీటిలోని అమ్మోనియం అయాన్లను తీసుకుంటుంది. ఈ మార్పిడి రెండు దిక్కులా జరుగుతుంది. సోడియం తక్కువున్న మంచినీటిలో అది మనకు అనుకూలం. సముద్రపు నీటిలో లీటరుకు సుమారు 10,800 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. అమ్మోనియా నైట్రోజన్ లీటరుకు 1 మిల్లీగ్రాము ఉన్నప్పుడు ఒక్కో అమ్మోనియం అయానుకు ఆరు వేలకు పైగా సోడియం అయాన్లు పోటీకొస్తాయి. సంక్రాంతి ముందు రోజు హైదరాబాదు ఎంజీబీఎస్ బస్టాండులో ఖాళీ అయిన ఒక్క సీటు కోసం ఎగబడే వేలమందిలో మనకు కావలసిన ఒక్కరికే అది దొరుకుతుందా? పొటాషియం, కాల్షియం, మెగ్నీషియం అయాన్లు కూడా ఆ సీటు కోసమే వస్తాయి.

దీనికి పరిశోధన పత్రాలు వెతకనవసరం లేదు. మంచినీటిలో వాడి నిండిపోయిన జియోలైటును తిరిగి పనికొచ్చేలా చేయడానికి ఉప్పునీటిలో నానబెట్టమని తయారీదారులే రాస్తారు. ఉప్పునీటిలో పెడితే రాయి తాను పట్టిన అమ్మోనియాను వదిలేస్తుంది కాబట్టే ఆ పద్ధతి పనిచేస్తుంది. అదే రాయి సముద్రపు నీటి ట్యాంకులో అమ్మోనియాను లాగుతుందని చెప్పి అమ్మడం అదే తయారీదారు సూచనకు విరుద్ధం. మంచినీటి ట్యాంకులో వాడిన జియోలైటును కడిగి ఉప్పునీటి ట్యాంకులో వేస్తే ఫలితం ఇంకా దారుణం. పాత అమ్మోనియా మొత్తం కొత్త చేపల మీదికి వస్తుంది.

ఈ విషయం ట్యాంకు గోడలు దాటి మన కోస్తా అంతటికీ సంబంధించింది. దేశంలో రొయ్యల సాగుకు ఆంధ్రప్రదేశ్ కేంద్రం. భీమవరం నుంచి నెల్లూరు దాకా వనామీ రకం రొయ్యల చెరువుల్లో అమ్మోనియా పెరిగిందనగానే జియోలైట్ బస్తాలు చల్లుతారు. ఎకరం చెరువు, 1.2 మీటర్ల లోతు అంటే దాదాపు 48 లక్షల లీటర్ల నీరు. అందులో లీటరుకు 1 మిల్లీగ్రాము అమ్మోనియా నైట్రోజన్ అంటే మొత్తం 4.8 కిలోలు. కల్తీ లేని క్లినాప్టిలోలైట్, పోటీ అయాన్లు లేని ఆదర్శ పరిస్థితిలో, గ్రాముకు పట్టగలిగే గరిష్ఠం సుమారు 30 మిల్లీగ్రాముల నైట్రోజన్. ఎకరానికి 20 కిలోలు చల్లితే, ఒక్క రేణువు కూడా వృథా కాకుండా పనిచేసినా, పట్టేది 600 గ్రాములు. ఎనిమిదో వంతు. అది మంచినీటి లెక్క. ఉప్పునీటిలో సోడియం పోటీ వల్ల అందులోనూ చిన్న భాగమే దక్కుతుంది. చెరువుల నీటి రసాయనం మీద దశాబ్దాలు పనిచేసిన ఆబర్న్ విశ్వవిద్యాలయ శాస్త్రవేత్త క్లాడ్ బోయిడ్ ఉప్పునీటి చెరువుల్లో జియోలైట్ వాడకం వల్ల అమ్మోనియా విషయంలో ప్రయోజనం లేదని ఎన్నోసార్లు రాశారు.

రైతు ఖర్చులో జియోలైట్ ఒక్కటే పెద్దది కాకపోవచ్చు. కానీ బస్తా చల్లాం కదా అని ఆ రోజు మేత తగ్గించకపోతే, ఏరేటరు గంటలు పెంచకపోతే, మధ్యాహ్నం పీహెచ్ చూసుకోకపోతే నష్టం బస్తా ధరతో ఆగదు. ఎండలో నాచు కిరణజన్య సంయోగక్రియ వల్ల పీహెచ్ 9 దాకా పెరిగే చెరువులున్నాయి. ఉదయం ప్రమాదం లేని అమ్మోనియా మధ్యాహ్నానికి రొయ్యను చంపే స్థాయికి మారుతుంది. పనిచేసేవి మేత తగ్గింపు, గాలి, నీటి మార్పిడి, పీహెచ్ అదుపు. వీటిలో ఏదీ బస్తాలో రాదు.

ఎక్కువ తీసినా ముప్పే

ఇంతవరకూ వడపోత తీయలేని వాటి గురించి. ఇక అది మరీ బాగా తీసేసే వాటి గురించి.

ఫాస్ఫేటు తీసే గోధుమరంగు గుళికలు ఐరన్ ఆక్సైడ్ హైడ్రాక్సైడ్. తాగునీటిలో ఆర్సెనిక్ తీయడానికి 1990లలో బెర్లిన్ సాంకేతిక విశ్వవిద్యాలయంలో ఈ రకం పదార్థాన్ని అభివృద్ధి చేశారు. ఆర్సెనిక్ సమస్య ఉన్న పశ్చిమ బెంగాల్ గ్రామాల్లోనూ వాడారు. ఆర్సెనేటు, ఫాస్ఫేటు రసాయనికంగా దగ్గరి బంధువులు కాబట్టి అది రెండింటినీ గట్టిగా పడుతుంది. పగడపు దిబ్బల దగ్గర ఉపరితల సముద్రంలో ఫాస్ఫేటు సాధారణంగా లీటరుకు 0.03 మిల్లీగ్రాముల లోపే ఉంటుంది. పొడి మేతలో బరువులో 1 శాతం చుట్టూ ఫాస్ఫరస్ ఉంటుంది. ఇందాకటి ట్యాంకులో రోజూ 2 గ్రాముల మేత వేస్తే, అందులో సగం చేపల ఒంట్లోనే నిలిచిపోయినా, రోజుకు లీటరుకు 0.15 మిల్లీగ్రాముల ఫాస్ఫేటు చేరుతుంది. సముద్రంలో ఉండే దానికి ఒక్క రోజులోనే ఐదు రెట్లు. సమస్య మొదలయ్యేది మేత డబ్బాలో. గుళికలు దాన్ని కొన్నాళ్లు కప్పిపెడతాయి.

విసిగినవారు గుళికల మోతాదు పెంచి ఫాస్ఫేటును సున్నాకు తెస్తారు. ఇక్కడ సాక్ష్యం సూటిగా ఉంది. ఇంగ్లండులోని సౌతాంప్టన్ విశ్వవిద్యాలయంలో యోర్గ్ వీడెన్‌మన్ బృందం 2013లో 'నేచర్ క్లైమేట్ చేంజ్' పత్రికలో ప్రచురించిన పరిశోధన ప్రకారం, నైట్రేటు ఎక్కువై ఫాస్ఫేటు కొరతపడినప్పుడు పగడాలు వేడికీ వెలుగుకూ తట్టుకోలేక సులువుగా తెల్లబారుతాయి. వాటి కణాల్లో బతికే సహజీవ శైవలాలు ఫాస్ఫరస్ అందక దెబ్బతింటాయి. గుళికలు ఫాస్ఫేటును తీస్తాయి, నైట్రేటును ముట్టవు. గుళికలను అతిగా వాడిన ట్యాంకులో పుట్టేది సరిగ్గా ఆ అసమతౌల్యమే.

మన దేశంలో గట్టి పగడాలన్నీ 2001 నుంచి వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. వాటిని సముద్రం నుంచి తీయడం, అమ్మడం నేరం. ఎవరైనా బతికున్న పగడం అమ్మజూపితే తీసుకోకూడదు. అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో చట్టబద్ధంగా పగడాల ట్యాంకు నడిపే తెలుగువారికి మాత్రం ఈ హెచ్చరిక నేరుగా వర్తిస్తుంది. చేపలే ఉన్న ట్యాంకులోనూ నైట్రేటు, ఫాస్ఫేటు రెండూ సున్నాకు పడిపోతే పోటీ నాచులు తగ్గి, జిగటగా గోధుమరంగులో పరుచుకునే డైనోఫ్లాజెల్లేట్లు పెరుగుతాయన్నది పెంపకందారుల విస్తృత అనుభవం. వాటిలో కొన్ని జాతులు విషాన్ని విడుదల చేస్తాయి.

ఫాస్ఫేటు కోసం వాడే అల్యూమినియం ఆక్సైడ్ గుళికలతో మరో చిక్కుంది. అమెరికా రసాయన శాస్త్రవేత్త ర్యాండీ హోమ్స్-ఫార్లీ వాటిని పరీక్షించినప్పుడు అవి నీటిలోకి అల్యూమినియం వదిలాయి. ఆ నీటిలో మెత్తటి లెదర్ పగడం ముడుచుకుపోయింది.

బొగ్గు కూడా ఈ ఆరోపణకు అతీతం కాదు. సర్జన్ చేపల తల మీద, పక్కల మీద చర్మం తరిగిపోయి గుంటలు పడే జబ్బు ఒకటుంది. దశాబ్దాల పాటు దీనికి ఆహారలోపం, ఒత్తిడి, పరాన్నజీవులు అంటూ రకరకాల కారణాలు చెప్పుకున్నారు. 2011లో 'జర్నల్ ఆఫ్ ఆక్వాటిక్ యానిమల్ హెల్త్'లో వచ్చిన నియంత్రిత ప్రయోగంలో, నీటి ప్రవాహం మొత్తాన్ని బొగ్గు గుండా పంపిన ట్యాంకులోని ఓషన్ సర్జన్ చేపలకు కొన్ని నెలల్లోనే ఈ జబ్బు వచ్చింది. బొగ్గు లేని ట్యాంకులోని వాటికి రాలేదు. అదే ఏడాది టొలీడో జంతుప్రదర్శనశాలలో చేపల విభాగం చూసిన జే హెమ్డల్ కూడా, దుమ్ము ఎక్కువగా రాలే లిగ్నైటు బొగ్గు దీన్ని తీవ్రంగా తెస్తుందని, గట్టి గుళికల బొగ్గుతో అది తక్కువని ప్రయోగం ద్వారా చూపారు. విడిగా తూకం వేసి అమ్మే పొడిపొడి బొగ్గును కడగకుండా ఫిల్టరులో పోయడం ఈ సాక్ష్యం తర్వాత సమర్థించలేని పని.

ఆవిరైన నీటికి బదులు పోసేది

ట్యాంకు నీటిలోంచి ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. 200 లీటర్ల ట్యాంకు మన ఎండల్లో రోజుకు 2 లీటర్లు కోల్పోతే, 100 రోజుల్లో ట్యాంకు నిండా పట్టేంత కొత్త నీరు పోసినట్టు. ఆ నీటిలో ఉన్నవన్నీ లోపలే ఉండిపోతాయి. బోరు నీటిలో నైట్రేటు తాగునీటి ప్రమాణం అనుమతించే లీటరుకు 45 మిల్లీగ్రాములు ఉందనుకుంటే, వంద రోజుల్లో ట్యాంకులో నైట్రేటు 45 పెరుగుతుంది. అందులో చేపల వాటా ఏమీ లేదు.

దీనికి పరిష్కారంగా చాలామంది ఇంటి ఆర్వో నీరు పోస్తున్నారు. అసలు ప్రమాదం అక్కడ దాగి ఉంది. మన ఇళ్లలోని ఆర్వో యంత్రాల్లో చాలావాటికి టీడీఎస్‌ను, అంటే నీటిలో కరిగి ఉన్న లవణాల మొత్తాన్ని, సరిచేసే కవాటం ఉంటుంది. రుచి కోసం అది ఆర్వో పొర గుండా పోని నీటిని కొంత తిరిగి కలుపుతుంది. కొన్నిటిలో నీటికి రాగి చేర్చే కార్ట్రిడ్జ్ ఉంటుంది. మనుషుల తాగునీటికి రాగి లీటరుకు 0.05 మిల్లీగ్రాములను ప్రమాణం ఆమోదిస్తుంది, వేరే నీరు దొరకనప్పుడు 1.5 దాకా అనుమతిస్తుంది. చేపల మీది పరాన్నజీవులను చంపడానికి ప్రత్యేక ట్యాంకులో వాడే రాగి మోతాదే లీటరుకు 0.15 నుంచి 0.20 మిల్లీగ్రాములు. రొయ్య, నత్త, సీ ఎనిమోన్ లాంటి వెన్నెముక లేని జీవులు అంతకంటే తక్కువకే చనిపోతాయి. రోజూ పోసే నీటిలో రాగి ఉంటే కొంత రాళ్లకూ ఇసుకకూ అంటి, మిగతాది పోగవుతూ పోతుంది. దాన్ని బొగ్గు తీసేస్తుందని నమ్మడానికి వీల్లేదు. ఇంటి ఆర్వో నీటిని వాడేముందు టీడీఎస్ మీటరుతో చూడాలి. అక్వేరియానికి కావలసింది సున్నాకు దగ్గరి నీరు. రాగి కార్ట్రిడ్జ్ ఉన్న యంత్రం నీరు ఎట్టి పరిస్థితిలోనూ పోయకూడదు.

పని ఆపేసినప్పుడు చెప్పదు

మూడో ప్రశ్న: ఎప్పటిదాకా? బొగ్గు నిండిపోయినప్పుడు బయటికి ఏ మార్పూ కనిపించదు. అదే నలుపు, అదే బరువు. ఫాస్ఫేటు గుళికలూ అంతే. నెల దాటిన బొగ్గు చాలా ట్యాంకుల్లో కేవలం బ్యాక్టీరియా నివాసంగా మిగులుతుంది. అది పనిచేస్తోందో లేదో తేల్చడానికి ఒక సులువైన పద్ధతుంది. రెండు తెల్ల బకెట్లలో ఒకదాంట్లో అప్పుడే కలిపిన ఉప్పునీరు, మరోదాంట్లో ట్యాంకు నీరు పోసి పక్కపక్కన పెట్టండి. పసుపు తేడా కనబడితే బొగ్గు అయిపోయినట్టే. కొత్త పొట్లం తెచ్చినప్పుడు ఒక చెంచా బొగ్గును శుద్ధజలంలో రాత్రంతా నానబెట్టి, ఆ నీటిలో ఫాస్ఫేటు కొలవండి. కొన్ని రకాల బొగ్గును ఫాస్ఫారిక్ ఆమ్లంతో తయారుచేస్తారు. అవి తీసేదానికంటే ముందు ఫాస్ఫేటును కలుపుతాయి.

ఈ పరీక్ష కొనేవాడి మీద పడకూడదు. మందు సీసా మీద ఏముందో రాసినట్టే, అక్వేరియంలో వాడే ప్రతి వడపోత పదార్థం పొట్లం మీద మూల పదార్థం, బూడిద శాతం, ఫాస్ఫేటు వదులుతుందా, ఉప్పునీటిలో పనిచేస్తుందా అన్నవి ఉండాలి. ఆక్వా దుకాణంలో అమ్మే జియోలైట్ బస్తాకూ ఇదే నియమం వర్తించాలి. ఎంత ఉప్పు శాతం ఉన్న నీటిలో ఎంత అమ్మోనియా పడుతుందో కొలిచి రాయలేని కంపెనీ, అమ్మోనియా పేరు చెప్పి దాన్ని అమ్మకూడదు. రైతు సంఘాలు, మత్స్యశాఖ కలిసి అడిగితే ఇది జరగని పని కాదు.

ఎందుకింత పట్టుదల

మంచినీటి అక్వేరియం చేపల్లో ఎక్కువ భాగం చెరువుల్లో, తొట్టెల్లో పెంచినవి. సముద్రపు అక్వేరియం చేపల్లో అత్యధికం సముద్రం నుంచి పట్టి తెచ్చినవి. ఐక్యరాజ్యసమితి పర్యావరణ కార్యక్రమం తరఫున 2003లో వచ్చిన నివేదిక ఏటా 2 కోట్ల నుంచి 2.4 కోట్ల సముద్రపు అలంకార చేపలు ప్రపంచ వ్యాపారంలో అమ్ముడవుతున్నాయని అంచనా వేసింది. మన ట్యాంకులో మూడు నెలలకోసారి చనిపోయే చేపకు బదులు వచ్చేది ఏదో పగడపు దిబ్బ మీద కొన్నేళ్లు బతకాల్సిన చేప. క్లౌన్ చేపలు మంచి సంరక్షణలో పదేళ్లు దాటి బతుకుతాయి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ క్లౌన్ చేపలను హేచరీలో పెంచే పద్ధతులను అభివృద్ధి చేసింది. హేచరీలో పుట్టిన చేప దొరికినప్పుడు అదే అడిగి తీసుకోవాలి. అప్పుడు కూడా దాన్ని చంపేది అదే అమ్మోనియా అయితే చేసిన మేలు సగమే.

కాబట్టి వరస ఇలా ఉండాలి. చేపలు వేసేముందు ట్యాంకును ఆరు వారాలు నడపండి. అమ్మోనియా, నైట్రైటు సున్నా అయ్యాకే మొదటి చేప వేయండి. మేత రెండు నిమిషాల్లో తినేంతే వేయండి. వారానికి 10 శాతం నీరు మార్చండి. 25 శాతం మార్చినా నైట్రేటు పావువంతే తగ్గుతుందని గుర్తుంచుకుని, లెక్క మేత దగ్గరే సరిచూసుకోండి. బొగ్గు వాడాలనుకుంటే తక్కువ మొత్తంలో, బాగా కడిగి, నెలకోసారైనా మార్చండి. ఒకేసారి కుప్పగా వేయకండి. ఫాస్ఫేటు గుళికలు కొలిచి చూసి, కొంచెం కొంచెంగా వేయండి. సున్నా లక్ష్యం కాదు. ఉప్పునీటి ట్యాంకులో జియోలైట్ వద్దు. నీరు ఎలా కనిపిస్తోందన్నది ఈ నిర్ణయాల్లో దేనికీ ఆధారం కాకూడదు.

ఈ వారం మీ ట్యాంకు కోసం ఒక్క వస్తువే కొనగలిగితే, అమ్మోనియా టెస్ట్ కిట్ కొనండి. బొగ్గు సంగతి ఆ అంకె చూశాక ఆలోచించండి.